కొట్టు నిండా కూరగాయలే

మైలవరంలో మాది కూరగాయల కొట్టు. మూడేళ్ల క్రితం మా ఆయనకు పేగు క్యాన్సరని తేలింది. విజయవాడ ఆస్పత్రిలో డాక్టరుగారు, "ఇంట్లో రోజూ ఏం కూరలు తింటారమ్మా?" అని నన్ను అడిగారు.

తాజా కూరగాయలన్నీ అమ్మకానికే ఉంచి, ఇంట్లో పచ్చడి మెతుకులతో సరిపెట్టేదాన్ని.

"నా వల్లే వచ్చిందాండీ ఈ జబ్బు?" అంటూ ఏడ్చేశాను.

"ఫలానా దానివల్లేనని చెప్పలేమమ్మా. కూరలు, పండ్లు బాగా తింటే ముప్పు కొంత తగ్గుతుంది. పిల్లలకైనా పెట్టండి," అన్నారాయన.

మంచం మీంచి మా ఆయన, "దాని తప్పేం లేదండీ. కూరలు ఇంటికి తేవద్దని నేనే అనేవాణ్ణి," అన్నారు.

ఆయన ఏనాడూ అలా అనలేదు.

ఏడాది తిరక్కుండానే ఆయన పోయారు. ఇప్పుడు పిల్లలకు ఆకుకూర, జామకాయలు తీసి పెట్టాకే బేరం మొదలుపెడతాను. నా కోసం ఆయన ఆడిన ఆ అబద్ధం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కళ్లు నిండుతాయి.