నాన్న రాసిన బోర్డు

మా నాన్న హోటళ్ల గుమ్మాల్లో పెట్టే నల్లబోర్డుల మీద సుద్దతో వంటకాల పేర్లు రాస్తాడు. నగరంలో పేరుమోసిన హోటళ్లు ఓ పది ఆయన చేతిలో ఉన్నాయి. ఒకదాంట్లో గోడ మీంచి నీళ్లు జారుతుంటాయి, ఇంకోదాంట్లో పాత రైలుపెట్టెలో కూర్చోబెట్టి వడ్డిస్తారు. రాసేది ఏ భాషో ఆయనకు తెలియదు. వంటమాస్టరు చీటీ ఇస్తాడు, నాన్న అది చూసి అక్షరాలను బొమ్మల్లా గీస్తాడు. ఒక్క చుక్క తప్పిపోదు.

ఇంటికొచ్చాక మాత్రం గొప్పలే గొప్పలు.

"రైలుపెట్టె హోటలాయన వదిల్తేనా! కూర్చోబెట్టి తినిపించాడు. ఆ ఎర్ర సూపు ఉంది చూశావూ, పొగలు కక్కుతూ..."

అమ్మ "ఊఁ" అనేది. నేను నోరు తెరుచుకుని విని, మర్నాడు బళ్లో ఇంకో నాలుగు కలిపి చెప్పేదాన్ని.

ఉద్యోగం వచ్చాక ఇద్దర్నీ ఆ రైలుపెట్టె హోటలుకే బయల్దేరదీశాను. "అక్కడ తిని తిని మొహం మొత్తిందే" అన్నాడు నాన్న. బుర్ర ఉన్నదాన్నయితే అప్పుడే ఆగేదాన్ని.

ఏం తినాలో ఆయన్నే చెప్పమన్నాను. ఎర్ర సూపు తెప్పించాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, పక్కబల్ల వాళ్లకు వినబడేలా వెయిటర్ని పిలిచాడు.

"ఏం బాబూ, చల్లారిపోయిన సూపు తెస్తావా? వేడి చేసి పట్రా. నేనిక్కడ పాతవాణ్ణి."

"ఇది చల్లగానే తాగాలండి" అన్నాడు వెయిటరు మర్యాదగా. "బోర్డు మీద రాసుంది కదండీ."

గుమ్మం పక్కనే ఉంది బోర్డు. పొద్దున నాన్న రాసిందే. ముత్యాల్లాంటి అక్షరాలు. సూపు పేరు పక్కన ఇంగ్లీషులో 'చల్లగా' అని రాసి, కింద అందంగా గీత కూడా గీశాడు.

నేను పగలబడి నవ్వాను. నాన్న తలెత్తలేదు. సుద్ద అంటిన వేళ్లను బల్ల కిందకు దాచుకున్నాడు. అది చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ సిగ్గే.

"నేనిక్కడ ఎప్పుడూ తినలేదమ్మా" అన్నాడు, గిన్నెతో చెబుతున్నట్టు. "వెనక గుమ్మంలోంచి వచ్చి, రాసి, అటునుంచే పోతాను."

"తెలుసులెండి" అంది అమ్మ. "కడుపు నిండిందని చెప్పిన రోజున, నేను నీళ్లకెళ్లి వచ్చేలోగా గిన్నెలో అన్నం ఊడ్చుకు తినేది ఎవరు? అందుకే బోర్డు రాసే రోజు గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని."

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు నాన్న.

"ఇది పుట్టకముందు నుంచీ" అంది అమ్మ, నావైపు చూపించి.

ఆ బల్ల దగ్గర ఏమీ తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. నవ్విందీ నేనొక్కదాన్నే.

అమ్మ గిన్నెను ఆయన ముందుకు జరిపింది. నాన్న చెయ్యి పైకి తీసి, తల వంచుకునే, ఆ చల్లటి సూపంతా తాగాడు.