తరుగు సమ్మయ్య, పంతొమ్మిది మీటర్ల పతంగి

ఎవరు ఏ మాట చెప్పినా అందులో పదోవంతు కోసివేసి, మిగిలినదానిని మాత్రమే నమ్మడం మా సమ్మయ్య స్వభావం. అది పుట్టుకతో వచ్చిన గుణమని కొందరూ, ఉద్యోగంతో అంటుకున్నదని కొందరూ అంటారు. నేను రెండవ పక్షం వాడిని. ఆయన జిల్లాలోని ఒక మార్కెట్ యార్డులో దడవాయిగా, అనగా బస్తాలు కాంటా వేసి బరువు పలికే మనిషిగా, జుట్టు నెరిసేవరకు పనిచేశాడు. మిరపలో తేమ ఉన్నదనీ, తాలు ఉన్నదనీ, ఏమీ దొరకకపోతే గోనెసంచి మందంగా ఉన్నదనీ చెప్పి కొనేవాళ్ళు తూకంలో కొంత కోసివేస్తారు. దానికే తరుగు అని పేరు. ఆ తరుగును చూచి చూచి, సమ్మయ్య చివరకు మనుషుల మాటలకు కూడా తరుగు తీయడం మొదలుపెట్టాడు.

ఉద్యోగం చాలించి జూలూరుపాడులో మా ఎదురింట స్థిరపడిన తొలిరోజున ఆయన నన్ను పలకరించి, ఏమి చేసేవారని అడిగాడు. ముప్పై సంవత్సరాలు తెలుగు బోధించానని సగర్వంగా చెప్పాను.

“ఇరవై ఏడు అనుకుందాం సారూ. సెలవులు పోవాలె గదా.”

డాక్టరు పది మాత్రలు వ్రాసి ఇస్తే తొమ్మిది మింగి, పదవది డాక్టరు అతిశయోక్తి క్రింద జమ వేసుకొనేవాడు. పెండ్లికి వందమంది వచ్చారంటే తొంభై ఆకులు లెక్క పెట్టేవాడు. ఇటువంటి మనిషితో కాపురం ఎట్లా సాగిందని నా భార్య ఒకనాడు ఆదెమ్మగారిని అడిగింది. ఆదెమ్మగారు సమ్మయ్య ఇల్లాలు. మాటలో ఆయనకు తీసిపోదు.

“పెండ్లిచూపులల్ల మా నాయిన పిల్లకు ఇరవై ఏండ్లని చెప్పిండు. ఈయన పద్దెనిమిదే అనుకున్నడు. అప్పటిసంది నాకు రెండేండ్లు తక్వనే నడుస్తున్నది. గా ఒక్క తరుగు నాకు మంచిగనే ఉందమ్మా.”

సమ్మయ్యకు ప్రాణస్నేహితుడు దేవ్‌సింగ్. ఏన్కూరు వైపు తండావాడు; అదే యార్డులో హమాలీగా బస్తాలు మోసినవాడు. అతడు బస్తాను కాంటా మీద పెట్టడం, ఈయన బరువు పలకడం, ఇట్లా వారిద్దరి యౌవనమూ గడిచింది. సమ్మయ్య భారీ మనిషి. దేవ్‌సింగ్ ముందు మాత్రం ఆయన పుల్లవలె కనబడతాడు. దేవ్‌సింగ్ ఆటో ఎక్కబోతే డ్రైవరు రెండు సీట్ల కిరాయి అడుగుతాడు. అందరికంటె ముందు దేవ్‌సింగే నవ్వి, అందరికంటె ఆలస్యంగా నవ్వు ఆపుతాడు. అతడి నవ్వుకు కూడా సమ్మయ్య తరుగు తీసేవాడని నాకు చాలాకాలం తెలియదు. అన్నానికి పిలిచినప్పుడు “తిన్ననన్నా” అని అతడంటే మాత్రం, ఆ మాటలో పదోవంతు కోసి, ఆ మేరకు కడుపులో ఖాళీ ఉన్నదని నిర్ణయించి, బలవంతంగా వడ్డించడం నేను చూచాను.

నిరుడు వారి రెండు కుటుంబాలూ కలిసి రామేశ్వరం వెళ్ళాయి. ఆదెమ్మగారు స్నానాలు చేస్తూ ఉండగా, ఈ మిత్రులిద్దరూ సముద్రతీరంలో ఒక వింత చూచారు. పెద్ద గాలిపటానికి నడుము కట్టుకొని, పాదాల క్రింద ఒక పలక తొడుక్కొని, కొందరు నీటిమీద జారుతున్నారు. సమ్మయ్య వెంటనే దానిని అనుమానించాడు. నీటిలో మోటారు దాచారన్నాడు. మోటారు లేదని తేల్చుకోవడానికి తానే దిగి, యాత్ర ముగిసినా కదలక, నేర్చుకొని వచ్చాడు. దేవ్‌సింగ్ కూడా వరుసలో నిలబడ్డాడు. నేర్పే మనిషి అతడిని ఎగాదిగా చూచి, ఈ కొద్దిపాటి గాలికి ఇంతటి శరీరాన్ని లేపే పటం తన వద్ద లేదని చెప్పాడు. దేవ్‌సింగ్ పడి పడి నవ్వాడట. ఆ తరువాత అక్కడున్న రోజులన్నీ ఒడ్డున కూర్చొని అందరి చెప్పులూ కాపలా కాశాడట.

ఇంటికి వచ్చినది మొదలు సమ్మయ్యకు ఒకటే ధ్యాస: ఆషాఢపు గాలి ముగిసేలోగా అడవి అంచున ఉన్న మా జలాశయం మీద పటం ఎగరాలి. చిక్కంతా గాలిలో ఉన్నది. మాది సముద్రపు గాలి కాదు. ఆషాఢంలో నాలుగు వారాలు కొండల మీదుగా మెత్తగా వీచి, శ్రావణం రాగానే ముఖం చాటువేస్తుంది. మెత్తని గాలి, బరువైన మనిషి. పటం చిన్నదైతే మనిషి మునుగుతాడు. మరీ పెద్దదైతే అది బద్ధకంగా తిరుగుతుంది, గాలి ఒక్కసారి రేగితే మనిషిని ఈడ్చుకొని పోతుంది. కొనగలిగినది ఒక్కటే.

విశాఖపట్నంలో ఇటువంటి పటాలు అమ్మే క్రాంతికుమార్ అనే యువకునికి నా ఎదుటనే ఫోన్ చేశాడు. ఆ యువకుడు మర్యాదగా మొదటి ప్రశ్న అడిగాడు.

“మీ బరువెంతండీ?”

“నా బరువు నీకెందుకు? పతంగి అమ్ముతున్నవా, నన్ను కొంటున్నవా?”

బరువును బట్టే పటం కొలత నిర్ణయిస్తారనీ, కానీ తన వద్ద ఉన్న పట్టిక వంద కిలోల దగ్గర ఆగిపోతుందనీ, ఆ పైవారికి అనుభవం మీద చెప్పవలసి ఉంటుందనీ, పటంతో పాటు పలక కూడా వెడల్పుగా ఉండాలనీ అతడు ఓపికతో వివరించాడు. పట్టిక వంద దగ్గర ఆగిందన్న మాట సమ్మయ్యకు నచ్చలేదు. దానిని వ్రాసినవాడు బక్కవాడై ఉంటాడని తీర్మానించి, నిజమైన బరువు తేల్చుకొని మళ్ళీ మాట్లాడతానన్నాడు.

నిజమైన బరువు తేల్చడం సామాన్యమా? దవాఖానా కాంటాను ఆయన నమ్మడు. స్టేషనులో చీటీ ఇచ్చే యంత్రం బరువుతో పాటు, శీఘ్రమేవ వివాహ ప్రాప్తి అని జోస్యం కూడా చెప్పడంతో దానినీ కొట్టివేశాడు. లారీల కాంటా ఆయనను గుర్తించనే లేదు. చివరకు, రెండు పళ్ళేల త్రాసు తప్ప లోకంలో సత్యం లేదని, ముత్యాలు బెల్లం దుకాణానికి నన్నూ దేవ్‌సింగునూ వెంటబెట్టుకొని వెళ్ళాడు. సమ్మక్క తల్లికి బెల్లమే బంగారం; నిలువెత్తు బంగారం మొక్కుకున్నవారు తమ ఎత్తు బెల్లం తూపించుకొనేది అక్కడే.

త్రాసును కూడా అనుమానించాడు.

“వారీ దేవ్‌సింగూ, ముందుగాల నువ్వు కూసో. కాంటా నిలుస్తదా ఇరుగుతదా చూద్దాం.”

“నేను కూసుంటే దుకాణమే ఇరుగుతదన్నా,” అని నవ్వుతూ దేవ్‌సింగ్ పళ్ళెంలో కూర్చున్నాడు. ముత్యాలు బెల్లపు దిమ్మలు ఎత్తి ఎత్తి అలసిపోయాడు. నూట ఇరవై ఎనిమిది కిలోలకు ముల్లు నిలిచింది. తరువాత సమ్మయ్య కూర్చుంటే నూట ఐదు. ఇంత బెల్లం తూపించుకొని కొనబోమని చెప్పేసరికి ముత్యాలుకు అనుమానం తగిలింది. మొక్కు పేరు చెప్పి బెల్లం కొని గుడుంబా, అనగా నాటుసారా, కాచేవారు ఎక్కువైనందున అనుమానించే విద్యలో అతడూ తక్కువవాడు కాదు.

“మొక్కు లేదంటరు, బెల్లం వద్దంటరు. మరి ఏంటికి తూగిండ్రు? ఆధార్ కార్డులు తియ్యిండ్రి.”

“పతంగి కోసం.”

“గుడుంబాకు గిప్పుడు గా పేరు పెట్టిండ్రా?”

చివరకు తూగినవాడు తల్లికి ఇవ్వక తప్పదని ఆదెమ్మగారు తీర్పు చెప్పడంతో, సమ్మయ్య తన ఎత్తు బెల్లం తల్లి గద్దెకు పంపాడు.

మళ్ళీ ఫోన్. క్రాంతికుమార్ లెక్క కట్టి, నూట ఐదు కిలోలకు మీ గాలిలో పదిహేడు చదరపు మీటర్ల పటం సరిపోతుందన్నాడు.

“పదిహేడంటివి అంటే తరుగు పోను పదిహేనే ఉంటది. నాకు పదిహేడు చేతికి రావాలంటే పంతొమ్మిది అడగాలె. పంతొమ్మిది తే. నడుము పట్టీ గూడ పెద్దది తే. నువ్వే స్వయంగ తే. బట్ట విప్పి చూసినంకనే ముచ్చట.”

పంతొమ్మిది అంటే చాలా పెద్దదని నేనన్నాను. ఆయన నా మాటలో పదోవంతు తీసివేసి, కొంచెమే పెద్దది అన్నాడు.

ఆషాఢం సగం గడిచాక క్రాంతికుమార్ కారులో వచ్చాడు. జలాశయానికి పోయే దారిలో అటవీశాఖ వారి చెక్‌పోస్టు ఉన్నది. అక్కడి కాపలాదారు గణేష్ కారు ఆపి, వెనుక ఉన్న మూట ఏమిటని అడిగాడు. పతంగి అని చెబితే, ఇంత పతంగి ఉంటుందా అని అనుమానించి, మూట ఒక మూల వేలితో పొడిచి, సరే పొమ్మన్నాడు. సమ్మయ్య ముఖం చిన్నబోయింది.

“గంతేనా? అడుగున చూడలే, నడుమ చూడలే. గట్ల చూస్తే దుంగలు దాటిపోవా?”

అని తానే దిగి, పంతొమ్మిది మీటర్ల బట్టనూ రోడ్డు మీద పరిపించాడు. ఎదురుగా మణుగూరు బస్సు ఆగింది, దాని వెనుక గేదెలు ఆగాయి. ప్రయాణికులు దిగి వచ్చి బట్టను తడిమి, ధర అడిగి, ఏ సర్కస్ వచ్చిందని ఆరా తీశారు. గణేష్ చేతులు జోడించి, పెద్దాయనా, నమ్మిన, పొండ్రి అని వేడుకొన్నాడు. అంత తొందరగా నమ్మేవాడు కాపలాకు పనికిరాడని సమ్మయ్య దారి పొడుగునా బాధపడ్డాడు.

ఒడ్డున పటం అంచులోనికి సైకిలు చక్రానికి వలె గాలి కొట్టారు. సమ్మయ్య నడుము పట్టీ బిగించుకొన్నాడు. అది ఎంత బిగించినా జారి చంకల దాకా ఎక్కుతూ ఉన్నది. ఆ స్థితిలోనే ఒకసారి నీటి మీద సాగి, పెద్దగా కష్టపడకుండానే నిలబడి, వెంటనే వెనుకకు వచ్చి పట్టీ విప్పివేశాడు.

“నేనైతే దీన్ని నమ్మ. ఏందో మోసముంది. దేవ్‌సింగూ, నువ్వు కట్టుకో.”

ఒడ్డున చెప్పులు దగ్గర పెట్టుకొని కూర్చున్న దేవ్‌సింగ్ ఉలిక్కిపడ్డాడు.

“నాకెందుకన్నా గివన్ని? నేను చూస్తనే ఉంటగద.”

“నీకు కావాల్నా అని నేను అడిగిన్నా? బస్తా లేపితెనే అండ్ల మట్టి ఉందా, మాలు ఉందా చెప్పెటోనివి. మోసం నువ్వు గాక ఎవరు పట్టుకుంటరు?”

తన కోసమైతే దేవ్‌సింగ్ నీటిలో కాలు పెట్టేవాడు కాదు. కానీ మోసం పట్టే పని. అందులోనూ సమ్మన్న ఆజ్ఞ. లేచి వెళ్ళాడు. పట్టీ అతడి నడుముకు కొలిచి కుట్టినట్లు అతుక్కొన్నది.

ఆ రోజు నీటిలో ఈడ్చబడ్డాడు. మరునాడూ ఈడ్చబడ్డాడు. జలాశయంలో సగం మింగాడని చేపలు పట్టేవాళ్ళు ఎగతాళి చేశారు. ప్రతి సాయంకాలమూ సమ్మయ్య కోర్టులో వలె గంభీరంగా మోసం దొరికిందా అని అడిగేవాడు. దేవ్‌సింగ్ ముక్కులోని నీళ్ళు చీదుకొంటూ, ఇంకా తెలుస్తలేదన్నా అనేవాడు. క్రాంతికుమార్ తన ప్రయాణం వాయిదా వేసుకొంటూ నేర్పుతూనే ఉన్నాడు. ఇంతలో గాలి రోజురోజుకూ పలుచబడింది. ఒకనాటి మధ్యాహ్నం ఆకు కూడా బరువుగా కదులుతూ ఉంటే, ఇక ఈ ఏటికి ఇదే ఆఖరు గాలి అని క్రాంతికుమార్ సామాను కారులో సర్దుకొన్నాడు.

ఆఖరుసారి దేవ్‌సింగ్ దిగాడు. పటం ఆకాశంలో ముసలి గరుడపక్షి వలె నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. తాళ్ళు బిగిశాయి. ముందు తల, తరువాత భుజాలు, తరువాత ఆ మహాకాయమంతా నీళ్ళు కారుస్తూ పైకి లేచింది. లేచి నిలిచింది. నిలిచి, జారుతూ, అవతలి ఒడ్డున ఉన్న అడవి వైపు సాగిపోయింది. పడవలలో చేపలవాళ్ళు లేచి నిలబడ్డారు. దేవ్‌సింగ్ నవ్వడం లేదు. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూచాను.

అప్పుడు క్రాంతికుమార్ మెల్లగా నాతో అన్నాడు. “ఆయన మీ ముందు పంతొమ్మిది కావాలని నాతో తగువు పడ్డారు గానీ, అంతకు ముందురోజే విడిగా ఫోన్ చేశారండీ. నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషిని ఈ గాలికి లేపేది ఏదని అడిగారు. పంతొమ్మిదండీ, పలక వెడల్పుది కావాలండీ అన్నాను. సరే అన్నారు. ఆ ఒక్క మాటకీ ఏమీ కొయ్యలేదు.”

నేను సమ్మయ్య వైపు చూచాను. ఆయన నడుము మీద చేతులు పెట్టుకొని, దొంగను చూచినట్లు ఆకాశం వైపు చూస్తున్నాడు.

దేవ్‌సింగ్ ఒడ్డుకు వచ్చి, ఊపిరి తీసుకొంటూ నిలబడ్డాడు.

“ఏందిరా, మోసమేనా?” అన్నాడు సమ్మయ్య.

దేవ్‌సింగ్ ముఖం తుడుచుకొని, పటాన్ని ఒకసారి, నీటిని ఒకసారి చూచాడు.

“నమ్మరాదన్నా. పైకి మంచిగనే ఉంది గని, లోపల ఏందో ఉంది. రేపు గూడ చూడాలె.”

“రేపు గాలి ఉంటదా?”

“లేకుంటె ఎల్లుండి. గిసుంటివి జల్దీ తేలయి.”

సమ్మయ్య చాలాసేపు ఆలోచించినట్లు నటించి తల ఊపాడు.

“అవ్. నాకు గూడ అదే అనుమానం.”

క్రాంతికుమార్ వెళ్ళి, కారులో సర్దుకొన్న తన సంచిని బయటికి దించుకొన్నాడు.