దండ లేని ఫోటో

నిన్న పొద్దున్న గోడ మీది ఫోటో తుడుస్తుంటే కింద మంచం మీద నుంచి అమ్మమ్మ అరిచింది. "ఒసే గుంటా, మెల్లగా తుడు! నా ముక్కు అరిగిపోతాది." ఫోటోలో ఉన్నదీ తనే, అరిచిందీ తనే. పక్కన దండతో ఉన్న తాతయ్య మాత్రం ఏమీ అనలేదు.

అసలు అమ్మమ్మ ఫోటో మా గోడ మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. తాతయ్య బతికుండగా సరదాపడి శ్రీకాకుళంలో ఫోటో తీయించుకుని, ఫ్రేము కట్టించి తగిలించుకున్నాడట. ఆ ఏడే దానికి దండ పడింది. అప్పటి నుంచి అమ్మమ్మది ఒకటే మాట: "గోడెక్కితే పోయినట్టే." ఫోటో తియ్యడానికి ఎవరు ఫోన్ ఎత్తినా ముఖానికి కొంగు అడ్డం. నా పెళ్లి ఆల్బంలో ఆమె ఉండాల్సిన చోటల్లా చీర కొంగే ఉంటుంది. రేపు ఆమె లేనినాడు చూసుకోవడానికి ఆధార్ కార్డులోని ఆ బిక్కమొహమే మిగులుతుందని నాకు లోలోపల ఒకటే దిగులు.

అమ్మమ్మా నేనూ హరిద్వారం వెళ్లి తిరిగొస్తుంటే ఢిల్లీలో రైలు మారేలోపు ఒక పూట ఖాళీ దొరికింది. ఎండ భరించలేక, లోపల చల్లగా ఉంటుందని ఎవరో చెబితే జాతీయ చిత్రశాలలోకి దూరాం. గుడికొచ్చినట్టు అమ్మమ్మ చెప్పులు విప్పబోతే వద్దని ఆపాను. హాలు నిండా మనుషుల బొమ్మలే. తలపాగాల రాజులు, నగల రాణులు, వీణ పట్టుకున్న అమ్మాయి. ఆ కళ్లూ ఆ రంగులూ చూస్తే, ఎవరో ఒకరు మీదే ఊరని అడిగేస్తారేమో అనిపించింది. అమ్మమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఇంతమంది పోయినారేటే! ఒక్కరికీ దండ నేదు. ఆల పిల్లలకి సిగ్గునేదా?"

నేను నవ్వు ఆపుకునేలోపే నా జడలోని మల్లెపూలు లాగి ఒక రాణిగారి ఫ్రేము కింద పెట్టేసింది. కాపలా అతను హిందీలో ఏదో అంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఏటి బాబూ, నువ్వేనా ఈవిడ మనవడివి? పువ్వులైనా ఎయ్యవేటి?" అని అతన్నే నిలదీసింది. అతనికేం అర్థమైందో, పూలు తీసి రెండు చేతులతో అందించాడు. ఈవిడ ప్రసాదంలా కళ్లకద్దుకుంది.

పక్క గదిలో ఒకే పెద్దమనిషి బొమ్మలు మూడు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో నల్లమీసం, ఒకదాంట్లో నెరిసిన మీసం, చివరిదాంట్లో బట్టతల, బోసినోరు.

"ఈలు అన్నదమ్ములేటే?"

"కాదమ్మమ్మా, ఒక్కడే. బొమ్మలేసే ఆయన. అద్దంలో సూసుకుని తన బొమ్మ తనే గీసుకున్నాడు."

అమ్మమ్మ ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. "అంటే, బొమ్మయినాక కూడా ముసిలోడయ్యేదాకా బతికినాడేటి?"

"బతికినాడు."

గది మారుమోగేలా నవ్వింది. కాపలా అతను మళ్లీ తొంగిచూశాడు. అప్పటికే ఆవిడ జుట్టు సర్దుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, బోసినోటాయన పక్కన నిలబడింది. "ఏటలా సూస్తావు? తియ్యి. ఈ ముసిలోడు కూడా పడాల."

పడ్డాడు. ఇంటికొచ్చిన వాళ్లంతా అమ్మమ్మ పక్కన ఈయనెవరని అడుగుతారు. దండలోంచి తాతయ్య గుర్రుగా చూస్తున్నట్టే ఉంటుంది. ఫోటోలో అమ్మమ్మకి ముందు పళ్లు రెండున్నాయి, మంచం మీద అమ్మమ్మకి ఇప్పుడు అవి లేవు. ఆ అమ్మమ్మకీ ఈ అమ్మమ్మకీ పోలిక తగ్గుతున్నకొద్దీ, కాలం మా మీద దయగానే ఉందనిపిస్తుంది.