మ్యాట్ తట్టని చెయ్యి

మొన్న అజ్మాన్‌లో క్లినిక్‌కు వెళితే, నాడి చూడడానికి నర్సమ్మ నా కుడి మణికట్టు పట్టుకుంది. ఆమె మెత్తగానే పట్టుకుంది గానీ పాత బెణుకు చురుక్కుమనేసరికి కరోనా తరువాతి శిక్షణ రోజుల్లో నేను తమ్మీ అని పిలుచుకున్న సిరిసిల్ల మనిషి గుర్తొచ్చాడు.

అప్పుడు నేను దుబాయ్ పక్కన సజ్జాలో సెక్యూరిటీ గార్డును, వయసు యాభైకి దగ్గర. మా గదిలో ఆరు మంచాలుంటే నాలుగు ఖాళీ అయ్యాయి. మిగిలిన రెండోవాడి డ్యూటీ వేళలు వేరు. ఆ రోజుల్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, పక్కవాడు దగ్గితే ఆమడ దూరం జరిగే కాలం. నెలల తరబడి నన్ను ఏ మనిషీ ముట్టుకోలేదంటే నమ్మండి.

ఆంక్షలు సడలాక కంపెనీ మాకు ఐకిడో అనే జపాను ఆత్మరక్షణ విద్య నేర్పించింది. ఒకప్పుడు పోలీసులకు నేర్పిన ఫిలిప్పీన్స్ మాస్టరు వచ్చేవారు. ఇందులో కొట్టడం ఉండదు. మీదికొచ్చినవాడి ఊపుతోనే వాణ్ణి తిప్పి, మణికట్టు మెలిపెట్టి, గాయం కాకుండా నేలకు అదిమిపెట్టాలి. నొప్పి పుట్టగానే కిందివాడు అరచేత్తో మ్యాట్ తడితే పైవాడు ఆ క్షణమే వదలాలి. తట్టాక కూడా వదలనివాడు గార్డు పనికి పనికిరాడని మాస్టరు మొదటిరోజే చెప్పారు.

నాకు జోడీగా పడ్డవాడే ఆ తమ్మీ. వాడు నా చెయ్యి పట్టుకున్న మొదటిరోజు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూసేవాణ్ణి. తట్టడం మాత్రం నాకు చేతకాలేదు. ఇరవై ఏళ్లు బిల్డింగ్ పనులు చేసినవాణ్ణి. అక్కడ నొప్పి అన్నవాడి కథ ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి పంపేవారు. అందుకే పళ్లు బిగబట్టేవాణ్ణి, వాడే నా ముఖం చూసి వదిలేసేవాడు.

పరీక్షనాడు ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాపం, తమ్మీ చూపంతా ఆయన మీదే, నా ముఖం మీద లేదు. మెలిపెట్టాడు, నేను తట్టలేదు. ఇంకాస్త పెట్టాడు, అయినా తట్టలేదు. మణికట్టు కలుక్కుమంది, కెవ్వుమన్నాను. నా రెండో చెయ్యి వాడి ఒంటి చాటున ఉండడంతో మాస్టరుకు కనబడలేదు. తట్టావా అని నన్నే అడిగారు. తట్టలేదంటే తప్పు నాదై నన్నే ఇంటికి పంపుతారన్న భయంతో, తట్టానని తల ఊపాను. వాడు నా వైపు ఒకసారి చూసి మ్యాట్ దిగిపోయాడు.

కొద్దిరోజులకే వాడి వీసా రద్దయింది. బస్సెక్కే ముందు, కట్టు కట్టిన నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, "గింత నొస్తుందని నాకన్న జెప్పకపోతివి గదనే అన్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కొత్త గార్డులు చెయ్యి పడకముందే మ్యాట్ తట్టి నవ్వుకుంటున్నారు, నొప్పంటే కంపెనీ సెలవు కూడా ఇస్తోంది, చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. మంచాలన్నీ మళ్లీ నిండాయి. నేనూ మారాను, తలనొప్పి వచ్చినా పదిమందికి చెబుతాను. తప్పు నాదేరా తమ్మీ అని చెప్పుకుందామంటే మాత్రం, వాడి నంబరు మోగడం ఎప్పుడో మానేసింది.