చివరిదాకా చూసిన పిల్ల

బడి వ్యాను నడిపేదానికి కళ్లు రోడ్డు మీద, చెవులు వెనక సీట్ల మీద ఉండాలి. నాకు రెండూ బాగానే పనిచేస్తాయి. నోరు ఇంకా బాగా పనిచేస్తుందని మా ఆయన అంటాడు. ఆయన మాటకేం!

ఈ ఏడు మా వ్యానులో తొమ్మిదో తరగతి పిల్లలంతా ఒకే సిరీస్ మీద పడ్డారు. ఎవరో డాక్టరమ్మ మాయమైందట. దాచింది మొగుడా, తమ్ముడా అని రోజూ కొట్టుకు చచ్చేవారు. నేను ఒక్క ముక్క చూస్తే ఒట్టు. వాళ్ల మాటలే అతికించుకుంటూ వచ్చాను. సిగ్నల్ దగ్గర ఆగినా డాక్టరమ్మే గుర్తొచ్చేది.

కొత్తగా చేరిన ఓ పిల్ల మాత్రం చివరి సీట్లో మూగనోము పట్టినట్టు కూర్చునేది. అందరూ నవ్వాక, కాస్త ఆలస్యంగా నవ్వేది. అద్దంలో అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

సెలవుల తర్వాత కళ్లు వాచి ఎక్కింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"అదేం లేదాంటీ. ఆ సిరీస్ మొత్తం చూసేశాను."

"అంత బాగుందా?"

"ఏమో. ఇవాళ్టి నుంచి వాళ్లతో మాట్లాడొచ్చు కదా!"

ఇదెక్కడి చోద్యమమ్మా అనుకున్నాను. నచ్చి కాదట, నలుగురిలో కలవడానికట!

తర్వాతి స్టాపులో మిగతావాళ్లు బిలబిలమంటూ ఎక్కారు. ఈ పిల్ల గొంతు సవరించుకుని, "ఆ డాక్టర్ తమ్ముడున్నాడే..." అంది.

"అబ్బా, ఇంకా అక్కడే ఉన్నావా? దాన్ని మధ్యలోనే వదిలేశాం," అంది ఒకతి. అందరూ ఇంకేదో కొత్తదాని గురించి మొదలుపెట్టారు. ఈ పిల్ల ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వదిలేశారా? మరి డాక్టరమ్మ ఏమైంది?" అని అరిచాను. ఎవరికీ తెలియదు. అంతలా కొట్టుకున్నవాళ్లలో ఒక్కరూ చివరిదాకా చూడలేదు!

సిగ్నల్ పడగానే, "నువ్వు ఇలా ముందుకు రావే," అన్నాను. వచ్చి నా పక్కన కూర్చుని, "నిజంగా తెలుసుకోవాలనా ఆంటీ, నా మీద జాలితోనా?" అని మెల్లిగా అడిగింది.

"జాలా? జాలైతే చాక్లెట్ కొనిపెట్టేదాన్ని. ఆవిడ బతికుందో లేదో తేలక నాకు ముద్ద దిగట్లేదు!"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది.

"అయితే మొదటి నుంచి చెప్తాను," అని అందుకుంది. నాకు కావలసిందేమో కథ చివర. బడి చూస్తే సందు మలుపులోనే ఉంది. అయినా ఆ పిల్లని ఆపబుద్ధి కాలేదు. వ్యానునే కాస్త నెమ్మదిగా పోనిచ్చాను.