ఆరు గంటల్లో వస్తారు

మా ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ పదింటాయన. ఉదయం పది కావడం ఆలస్యం, హెడ్‌సెట్ తగిలించుకుని మూడు దేశాలకి వరసగా ఫోన్లు చేసేవాడు. "లైను ఎలా ఉంది?" అని ఈయన అడగాలి, "బాగా వినిపిస్తోంది" అని అవతలివాళ్లు చెప్పాలి. ఆ తర్వాత పుస్తకంలో మూడుసార్లు 'సరి' అని రాసి సంతకం పెట్టాలి. పంతొమ్మిదేళ్లు ఈ పని చేశాడు. అందులో పన్నెండేళ్లు పక్క కుర్చీలో నేనే ఉన్నాను. ఆ మూడు 'సరి'లు రాసేటప్పుడు ఆయన మొహంలో కనబడే తృప్తి నా పెళ్లినాడు నా మొహంలో కూడా లేదు.

ఈ ఫోన్లన్నీ దేనికంటే, మా దేశమూ చుట్టుపక్కల మరో మూడు చిన్న దేశాలూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. నలుగురిలో ఎవరి మీద పక్కనున్న పెద్ద దేశం చెయ్యి వేసినా, కబురందిన ఆరు గంటల్లో మిగతా ముగ్గురి సైన్యాలూ అక్కడ దిగాలి. ఆ కబురు వెళ్లేది మా గదిలోంచే. కిటికీ లేని గది. రెండు స్విచ్‌బోర్డులు, ఒక సూపర్‌వైజరు, ఆయన బల్ల మీద బయటి ఊళ్లకు మాట్లాడుకునే మామూలు ఫోను ఒకటి.

ఏటా ఒకసారి సైనిక విన్యాసాలు జరిగేవి. ఈయన ఫోనులో కబురు చెప్పేవాడు, సరిగ్గా ఐదు గంటల నలభై నిమిషాలకి పొరుగు సైనికులు సరిహద్దు వంతెన మీద ప్రత్యక్షమయ్యేవారు. ఇక బ్యాండు మేళం, ఫొటోలు, మంత్రుల కౌగిలింతలు. ఆ సైనికులు వారం ముందే వచ్చి వంతెన దగ్గరి బడిలో మకాం పెట్టేవారని అందరికీ తెలుసు. ఈయనకీ తెలుసు. నేను వెక్కిరిస్తే, "వాళ్లెక్కడ పడుకుంటే నీకెందుకమ్మా? పిలిస్తే వచ్చారా, లేదా?" అనేవాడు. అంత మంచి మనిషికి అంత చిన్న బుర్ర ఎలా ఇచ్చాడో దేవుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడానికి మనసు రాదు.

ఆయనకున్నది ఒక్కతే చెల్లెలు. తల్లీతండ్రీ పోతే తనే పెంచి, చదివించి, పెళ్లి చేశాడు. తను మాత్రం చేసుకోలేదు. ఆ చెల్లెలు భర్తతో కలిసి ఆ వంతెన దగ్గరి సరిహద్దు ఊళ్లో సైకిళ్లు బాగుచేసే కొట్టు నడిపేది. అన్నయ్య చెప్పాడంటే ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

పెద్ద దేశం మా మీద దాడి మొదలుపెట్టింది ఒకరోజు పొద్దున్న ఏడింటికి. ఎనిమిదింటికి మా వాళ్లు మూడు దేశాలకీ సాయం కావాలని కబురు పంపారు. నిజం కబురు కూడా పదింటాయనే చెప్పాడు, తడబడకుండా, ఒక్క మాట పొల్లు పోకుండా. ముగ్గురూ "అందింది" అన్నారు. ఎనిమిదిన్నరకి సూపర్‌వైజరు బల్ల మీది ఫోను మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, మీ బావ లారీ మాట్లాడాడు. సామాన్లు ఎక్కిస్తున్నాం. వీధిలో అందరూ పోతున్నారు. ఏం చెయ్యమంటావ్?"

"ఎక్కడికి పోతావే ఈ గందరగోళంలో? దారిలో ఎవరేం చేస్తారో! నేనే స్వయంగా చెప్పాను వాళ్లకి. ఆరు గంటల్లో వస్తారు. రెండింటికల్లా వంతెన మీదుంటారు. ఇంట్లోనే ఉండు."

"అయితే దించెయ్యమంటాను," అంది. ఆ గొంతులో హమ్మయ్య అన్నట్టు ఒక ఊపిరి. అది నా కుర్చీ దాకా వినిపించింది.

పదకొండింటికి మొదటి దేశం లైను మీద దీపం వెలిగింది. అక్కడి ఆపరేటరు ఈయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆమెకి కవలలు పుట్టినప్పుడు మాకు మిఠాయి పంచినవాడు ఈయనే. ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"అన్నయ్యా, నేను చెప్పానని ఎవరికీ చెప్పకు. మావాళ్లు ఒక్కరూ బయల్దేరలేదు. కదలొద్దని ఆర్డరొచ్చింది. మిగతా ఇద్దరిదీ అదే మాట. ముగ్గురూ పొద్దున్నే మాట్లాడేసుకున్నారు."

హెడ్‌సెట్ తీసి ఆ మాటలే నాకు చెప్పాడు. నేను సూపర్‌వైజరు ఫోను చూపించి, "ముందు చెల్లికి చెప్పండి, లెండి," అన్నాను.

లేవలేదు. "ఆ పిల్లకేం తెలుసమ్మా, ఆపరేటరు! మిగతా ఇద్దర్నీ అడగనీ," అని రెండో దేశానికి చేశాడు. మంత్రిగారు సమావేశంలో ఉన్నారట. మూడో దేశానికి చేశాడు. కోరిక రాతపూర్వకంగా పంపితే పరిశీలిస్తారట. మళ్లీ రెండో దేశం. మళ్లీ మూడోది. లైన్లు మాత్రం అద్దంలా ఉన్నాయి, అవతలివాళ్లు కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా వినబడుతోంది.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది నా మీదే. చెల్లెలి నంబరు గోడ మీది కాయితంలో ఉంది. నేను లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. ఆయన చెల్లెలు కదా, ఆయనే చెప్పుకోవాలి కదా అని మర్యాద పాటిస్తూ కూర్చున్నాను.

ఒంటిగంటకి సరిహద్దు ఊరి రోడ్డు మూసుకుపోయింది. రెండింటి దాకా ఆగి, సరిగ్గా ఆరు గంటలూ నిండాక, అప్పుడు లేచి చెల్లెలికి ఫోను చేశాడు. మోగలేదు. ఒకటిన్నరకే ఆ వీధి మీద గుండ్లు పడ్డాయి.

పది రోజుల్లో యుద్ధం ఆగింది. కావలసిన జిల్లా పెద్ద దేశం తీసుకుంది. మిత్రదేశాలు మూడూ కలిసి తీవ్ర విచారం ప్రకటించాయి. యుద్ధమంతటా ఒక్క నిమిషం కూడా లైను తెగనందుకు మా గదికి వాళ్లే ప్రశంసాపత్రం కూడా పంపారు, సిగ్గులేనివాళ్లు. దాన్ని గోడకి కొట్టమన్నారు. నేను కొట్టనన్నాను. సూపర్‌వైజరే కొట్టుకున్నాడు.

ఆయన బావ ఒక్కడే బతికాడు. కాలు విరిగి, ఇల్లూ వాకిలీ పోయి, పదింటాయన ఇంటికే వచ్చాడు. వెళ్లడానికి ఇంకెవరున్నారు? ఒక ఆదివారం మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. ఇద్దరు మగవాళ్లు, రెండు మంచాలు. పదింటాయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. బావ కాస్త ముందుకి వంగాడు.

"అక్కయ్యగారూ, మీరు పక్క సీటే కదా. వాళ్లు రావట్లేదని మీకెప్పుడు తెలిసింది?"

"రెండింటికండీ," అన్నాను. అబద్ధమాడడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పదకొండింటికి, బావా," అన్నాడాయన వంటింటి గుమ్మంలోంచి. చేతిలో ఖాళీ గ్లాసులు. "నాకు పదకొండింటికే తెలుసు."

తిడతాడనుకున్నాను. కొట్టినా అడ్డు వెళ్లకూడదనుకున్నాను. బావ తన కాలి కట్టు సర్దుకున్నాడు.

"పదకొండింటికి మీ చెల్లి నీళ్లు తోడుతోంది," అన్నాడు. "ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి వీధిలో వరసగా పెట్టింది. గ్లాసులు కూడా కడిగి పెట్టింది. అంత దూరం నించి మనకోసం వస్తున్నారు, పాపం దాహంతో ఉంటారు, అంది. ఒకటిన్నరకి అక్కడే నిలబడి ఉంది, వాళ్లొస్తే తనకి కనబడాలని."