మేనమామ అంపైరైతే

మా మేనకోడలు స్పిన్ వేస్తుందంటే నాకు గర్వమే. ఎందుకుండదూ? కాజాలు కుట్టి కుట్టి కాయలు కాసిన వేళ్లు ఆ పిల్లవి. పొద్దుటంతా నా టైలరు షాపులో హుక్కులు కుట్టడం, మధ్యాహ్నం పక్క సందులో గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి వాటికేసి బంతి తిప్పడం. సున్నం రాలుతోందని పక్కింటాయన తగువుకొచ్చాడు. "రాలితే వేయిస్తాం, పోవయ్యా!" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి.

చిక్కల్లా ఏమిటంటే, ఆదివారం మ్యాచులకి అంపైర్ని నేనే. "మేనమామేగా, వేలు ఎత్తేస్తాడులే" అని ఎవడో కూశాడు. నాకు ఒళ్లు మండింది. ఇక ఆ రోజు నుంచి, పిల్ల వేసిన బంతి ఎవరి కాలికి తగిలినా సరే, ఎల్బీ ఇస్తే ఒట్టు. పావంగుళం తేడా పసిగట్టే కన్ను నాది. అవుటని తెలిసీ తల అడ్డంగా ఊపినవీ ఉన్నాయి, ఒప్పుకుంటున్నా.

మొదట్లో "అన్యాయం మావయ్యా!" అని పోట్లాడేది. మా అక్కయితే, అంటే వాళ్లమ్మ, నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత పిల్ల "అవుటా?" అని నన్ను అడగడమే మానేసింది. నా వేలితో పనిలేకుండా నేరుగా వికెట్లే పడగొట్టడం నేర్చుకుంది, మొండిఘటం!

మొన్నటి మ్యాచుకి పెద్ద జట్టు కోచ్ వచ్చింది. "ఐదు వికెట్లు తియ్యి, జట్టులోకి తీసుకుంటా" అంది. నాలుగు తీసింది మా అమ్మాయి, నాలుగూ బౌల్డే. ఇక మిగిలింది ఆఖరి బంతి. పడీ పడగానే గిర్రున లోపలికి తిరిగి బ్యాటరు ప్యాడుకి తగిలింది. సరిగ్గా మధ్య వికెట్‌కి ఎదురుగా! పసిపిల్లకైనా తెలిసే అవుట్.

ఎవరూ అడగలేదు. నా సంగతి తెలిసి కీపరు గ్లవ్స్ విప్పేసుకుంటోంది. పిల్ల నా చేతికిచ్చిన తన టోపీ కోసం దగ్గరికొచ్చింది. అడగనిదే అంపైరు అవుటివ్వకూడదు, అది రూలు. "అడగవే తల్లీ" అని గొంతుదాకా వచ్చింది, కానీ అలా అనడమూ తప్పే. ఆట అయిపోయిందని మాత్రం నేను చెప్పలేదు; అది చెప్పేదాకా అడగొచ్చు.

"టోపీ వదులు మావయ్యా."

వదల్లేదు. వింతగా నా మొహంలోకి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి నాకు, దాచుకోవడమెందుకు.

"అవుటా?" అంది, నమ్మకం లేనట్టు, మెల్లిగా.

వేలు ఎత్తేశాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! అవతల కోచ్ పేరు రాసుకుంటోంది, తోటి పిల్లలు అరుస్తూ పరిగెత్తుకొస్తున్నారు. మా పిల్ల మాత్రం కదల్లేదు. ఎత్తిన నా వేలు పట్టుకుని కిందికి దించింది.

"నిజం చెప్పు. ఇన్నాళ్లూ ఇలాంటివి ఎన్ని మింగేశావు?"

"పదకొండు," అన్నాను తల వంచుకుని.

పిల్ల ఫక్కున నవ్వేసింది.

"అమ్మకి రెండేనని చెబుదాంలే, లేకపోతే ఈ జన్మకి నిన్ను ఇంట్లోకి రానివ్వదు."